నేను పారబోసిన తరవాణి కుండ

ఆహార తనిఖీ అధికారులుగా కొత్తగా ఎంపికైన పిల్లలు ఈ మధ్య అనకాపల్లిలో మా ఇంటికి వస్తున్నారు. ఎవరో నా పేరు చెబుతున్నారు. వచ్చినవాళ్ళందరూ రెండే ప్రశ్నలు అడుగుతారు. "పైనుంచి ఒత్తిడి వస్తే ఏం చేయాలి సార్?" అనేది ఒకటి. "ఈ ఉద్యోగంలో చేరాక బయట తిండి తినబుద్ధవుతుందా సార్?" అనేది రెండోది. రెండోదానికి మా ఆవిడే లోపలినుంచి జవాబు చెబుతుంది, "శుభ్రంగా తింటారు, మీరేం బెంగపెట్టుకోకండి" అని.

తప్పు చేస్తే ఏమవుతుందని మాత్రం ఒక్కరూ అడగలేదు. పరీక్ష రాసి, ఇంటర్వ్యూ దాటి, చేతిలో ఆర్డరు పట్టుకుని వచ్చిన మనిషికి తాను తప్పు చేయవచ్చన్న ఊహే ఉండదు. నాకూ ఉండేది కాదు. అందుకని అడగకపోయినా రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు, నేను పట్టుకున్న కల్తీ నూనెలు ఇందులో ఉండవు. అవి చెప్పుకోవడానికి రిటైర్మెంటు సభలున్నాయి. నా సభలో చెప్పుకున్నాను కూడా. ఈ ఒక్కటీ అక్కడ చెప్పలేదు.

పిలవని ఇంటికి

శిక్షణలో మీకు చట్టం చెబుతారు. శాంపిల్ ఎలా తీయాలో, సీసాకు లక్క ఎలా వేయాలో చెబుతారు. చెప్పనిదేమిటంటే, ఈ ఉద్యోగమంటే పిలవని ఇంటికి భోజనాల వేళకు వెళ్ళడం. మనల్ని చూసి ఎవరూ సంతోషించరు. పెద్ద హోటలు యజమాని ఏసీ గదిలో కూర్చోబెట్టి జీడిపప్పు తెప్పిస్తాడు. మనం ఆ పళ్ళెం తోసేసి లేచేలోపు వెనక ఫ్రిజ్ ఖాళీ అయిపోతుంది. బండివాడికి ఏసీ గది లేదు కాబట్టి చేతులు కట్టుకుని నిలబడతాడు. పెద్ద హోటల్లో రెండు గంటలు పట్టే తనిఖీ బండివాడి దగ్గర పది నిమిషాల్లో అయిపోతుంది. అయిపోవడం కాదు, మనమే అయిపోనిస్తాం. ఈ జబ్బు మనలో చాలామందికి ఉంది. ఎంత చిరాకు పడ్డా పోలేదు, ఎందుకంటే ఎవరికి వారు అది పక్కవాడికే ఉందనుకుంటారు.

హైదరాబాద్‌లో నా పై అధికారి సుదర్శనం గారు. ఎప్పుడూ విసుగ్గా ఉండేవారు గాని గొంతు పెంచేవారు కాదు. చేరిన రోజునే నాకొక మాట చెప్పారు. "వంటగదిలో ముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూడు. పొయ్యి తర్వాత. యజమాని మొహం అన్నిటికంటే చివర."

బుద్ధిగా డైరీలో రాసుకున్నాను. రాసుకున్నవన్నీ చేసి ఉంటే ఇప్పుడు ఇది రాసే పని ఉండేది కాదు.

తరవాణి కోసం

హైదరాబాద్ వెళ్ళిన మొదటి ఏడాదే నా కడుపు చెడింది. రోజుకు పది చోట్ల టీ, వేళ తప్పిన భోజనం, మందుల షాపులో దొరికే తెల్లటి సీసా. ఆ కడుపుకు కావలసినదేమిటో నాకు తెలుసు. తరవాణి.

తెలియనివాళ్ళకు చెప్పాలి. అన్నం వార్చిన గంజిని కుండలో పోసి ఉంచుతారు. రోజూ కొంత వాడుకుని కొంత కొత్త గంజి పోస్తారు. అడుగున పాతది ఎప్పుడూ మిగులుతుంది కాబట్టి కొత్తది తొందరగా పులుస్తుంది. ఆ పులిసిన నీళ్ళలో రాత్రి అన్నం వేసి, పొద్దున ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంజుకుని తింటారు. పక్కన వేయించిన ఎండు నెత్తళ్ళ చేపలుంటే ఇంక మాట్లాడక్కర్లేదు. మా నాన్న చెరుకు నరికే రోజుల్లో అది తాగి తోటలోకి దిగితే మధ్యాహ్నం దాకా ఆకలన్న మాట ఉండేది కాదు.

కోటిమంది ఉన్న ఊళ్ళో ఒక గిన్నెడు తరవాణి దొరకదా అనుకున్నాను. దొరకలేదు. అచ్చమైన ఆంధ్ర వంటలని బోర్డు పెట్టిన హోటల్లో అడిగితే, "స్టార్టర్సా సార్, మెయిన్ కోర్సా?" అన్నాడు సర్వర్. ఇంకో చోట పులిహోర తెచ్చి పెట్టారు. పులుపుందిగా అని వాళ్ళ ధీమా. ఒక పెద్ద నక్షత్రాల హోటల్లో ఉత్తరాంధ్ర రుచుల పండుగ జరిగింది. నేను తనిఖీకి వెళ్ళాను. మెనూ కార్డులో బంగారు అక్షరాలతో 'తరవాణి' అని ఉంది. సిగ్గు విడిచి అడిగాను. రాగి గ్లాసులో చిక్కటి మజ్జిగ, పైన కొత్తిమీర, దానిమ్మ గింజలు.

"ఇదేమిటి బాబూ?" అన్నాను వంటమాస్టారుతో.

"అసలు తరవాణికి వాసనొస్తుంది సార్. గెస్టులు తాగరు. అందుకని మేం ఇంప్రూవ్ చేశాం."

వాసన లేని తరవాణి. దానికి దానిమ్మ గింజలు. ఆ గ్లాసు కింద పెట్టి వాళ్ళ ఫ్రిజ్‌లన్నీ ఒక్కొక్కటీ తెరిపించాను. అంత శ్రద్ధగా నేనెప్పుడూ తనిఖీ చేయలేదు.

మా ఆవిడ ఇంట్లో ప్రయత్నించింది. స్టీలు గిన్నెలో పోస్తే మూడో రోజుకు తీగలు సాగింది. కుళాయి నీళ్ళ బ్లీచింగు వల్లనో, ఆ బియ్యం వల్లనో తెలియదు. ఊరినుంచి మట్టికుండ తెచ్చుకుంటే స్టేషన్లో ఎవరిదో సూట్‌కేసు తగిలి పగిలింది. రెండో కుండలో కాస్త పులుపు పట్టే వేళకు ఇంటి ఓనరు గారి భార్య మెట్లెక్కి వచ్చి, "మీ వంటింట్లో ఎలకేమైనా చచ్చిందేమో చూసుకోండి" అంది. మా ఆవిడ ఆ కుండను సింకులో ఒంపేసి, ఇంక నన్ను అడగొద్దంది.

ఫిర్యాదు

అలా ఉండగా ఒక కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు, ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. కాలనీ వెనక పెద్ద అపార్టుమెంట్లు కడుతున్నారు, ఆ కూలీలకు ఎవరో ఆవిడ రేకుల షెడ్డులో కుళ్ళిన అన్నం అమ్ముతోంది, దుర్వాసన భరించలేకపోతున్నాం అని సారాంశం. సంఘం కార్యదర్శి స్వయంగా ఆఫీసుకు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చాలా మర్యాద. "మాకు ఆవిడ మీద కోపం లేదండీ. వాసన మీదే" అన్నారు.

మర్నాడు పొద్దున ఒక్కణ్ణే బయల్దేరాను. ముందు చూసి వద్దామని శాంపిల్ సంచి తీసుకెళ్ళలేదు. ఇసక కుప్పలు దాటి మలుపు తిరిగేసరికి ఆ దుర్వాసన తగిలింది. నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ వాసన కోసం నేను నాలుగేళ్ళుగా తిరుగుతున్నాను.

షెడ్డులో పొయ్యి, చెక్క మీద పెద్ద నల్లకుండ, నలుగురైదుగురు కూలీలు ఇటుకల మీద కూర్చుని తింటున్నారు. నలభై ఏళ్ళావిడ గరిటె పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటి బాబూ, అలాగ నిలబడిపోనావు? తింతావా, సూత్తావా?"

"ఇది తరవాణేనా?"

"తరవాణి కాక మరేటనుకున్నావు, పాయసమా? ఏ వూరు నీది?"

"అనకాపల్లి."

"మరైతే అలా అడుగుతావేటి! కూకో. నెత్తళ్ళు ఎయ్యమంటావా?"

ఆవిడ పేరు నూకరత్నం. దేవరాపల్లి అవతల ఒక పల్లె. భర్త అదే కట్టడంలో సెంట్రింగు పని. ఆ రోజు నేను రెండు గిన్నెలు తిన్నాను. నేనెవరో చెప్పలేదు. అడిగితే ఆఫీసులో పని అన్నాను. అది అబద్ధం కాదు, అందుకే ఇంకా చిరాకు. తిరిగి వచ్చి ఫిర్యాదు మీద 'పరిశీలించాను, లోపాలు కనబడలేదు' అని రాసేశాను. పరిశీలించలేదు. తిన్నాను. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడలేదు.

తర్వాత ఇరవై రోజుల పాటు పొద్దున్నే అక్కడికి వెళ్ళాను. కడుపు మంట తగ్గింది. తెల్లసీసా మరిచిపోయాను. నా నీళ్ళ సీసా నేను పట్టుకుని వెళ్ళి, నా ఇటుక మీద నేను కూర్చుని తినేవాణ్ణి. కె. కోటపాడు మనిషి అప్పలనాయుడని, తాపీ పని, రోజూ నా పక్కనే కూర్చునేవాడు.

"ఇంత దూరం తరవాణి కోసం వొత్తన్నావేటి మావా? ఇంటికాడ మా ఆడోళ్ళు ఎడితే మేం తిట్టుకుని తాగీవోళ్ళం" అని నవ్వేవాడు.

"దొరకనప్పుడు తెలుస్తుంది" అనేవాణ్ణి.

ఆ ఇరవై రోజులూ నాకు ఆ నగరంలో బాగున్న రోజులు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఆ షెడ్డులో దేనికి అధికారినో అది తప్ప అన్నీ చేశాను.

ఫోటో

రెండో ఫిర్యాదు వచ్చింది. ఈసారి వాసన గురించి కాదు. ఆ షెడ్డులో తినే కూలీల్లో ముగ్గురికి వాంతులు, విరేచనాలు. కార్యదర్శి ఉత్తరంతో పాటు ఫోనులో తీసిన ఒక ఫోటో కూడా జతచేశారు. ఇటుక మీద కూర్చుని గిన్నె ఎత్తి తాగుతున్న మనిషి నేనే.

సుదర్శనం గారు ఫోటో నా ముందుకు జరిపారు. "బాగుందా?" అన్నారు.

"ఏమిటి సార్?"

"తిండి."

తల దించుకున్నాను. ఆయన కేకలు వేయలేదు. "ఇది నువ్వు చూడకు. వేరేవాళ్ళను పంపుతాను" అన్నారు.

అక్కడ నేను సరేనని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. మరో అధికారి వెళ్ళేవాడు, ఆ మనిషికి తరవాణి తెలియదు కాబట్టి పది ప్రశ్నలు అడిగేవాడు. కాని నాకు రోషం వచ్చింది. నేను పక్షపాతం చూపించానని ఆఫీసంతా అనుకుంటుందని భయం. "నేనే వెళ్తాను సార్. నేనే శాంపిల్ తీస్తాను" అని పట్టుబట్టి ఒప్పించాను. పిల్లలకు చెప్పేదేమిటంటే, నిజాయితీ నిరూపించుకోవడానికి తనిఖీకి వెళ్ళకండి. అప్పుడు మన కళ్ళు ఎదుటి వంటగది మీద ఉండవు, మన పేరు మీద ఉంటాయి. లంచం తీసుకున్నవాడు ఒకడి విషయంలో కళ్ళు మూసుకుంటాడు. రోషంతో వెళ్ళినవాడూ అంతే.

ఈసారి సంచి, లక్క, జీపు, అటెండరు యాదగిరి, అన్నీ ఉన్నాయి. నూకరత్నం నన్ను చూసి ఎప్పటిలాగే గిన్నె తీసింది. తర్వాత యాదగిరి చేతిలో సంచి చూసింది.

"నువ్వా బాబూ?"

"రూలు ప్రకారం చేయాలమ్మా."

"నువ్వు తిన్నావు గదా. ఇన్ని రోజులు తిన్నావు. నీకేటైనా అయ్యిందా?"

తింటున్నవాళ్ళు ఆగిపోయి నా మొహం చూస్తున్నారు. అప్పలనాయుడు కూడా ఉన్నాడు. మావా అనలేదు. గిన్నె కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

ఆవిడ అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. ఒక తనిఖీ అధికారి వేసుకోవలసిన మొదటి ప్రశ్న అదే. ఒకే కుండలోది నేనూ తిన్నాను, వాళ్ళూ తిన్నారు. నాకేం కాలేదు. వాళ్ళలో కొందరికి జబ్బు చేసింది. తేడా ఏమిటి? నేను శాంపిల్ సీసా మూత తీశాను.

పక్కన యాదగిరి నెమ్మదిగా అన్నాడు. "సార్, గిది ఖరాబు కాలే. మా అమ్మ గుడ అంబలి గిట్లనే పులవెడుతుండె."

"నువ్వు లక్క పట్టు" అన్నాను.

ఫారంలో 'పదార్థం పేరు' అని ఒక గడి ఉంటుంది. అందులో 'తరవాణి' అని రాసి, అదేమిటో నాలుగు మాటల్లో వివరించాలి. గడి చిన్నది. తొందరగా బయటపడాలి. 'వండిన అన్నం' అని రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన మాటలన్నిటిలో అంత చేటు చేసినవి ఇంకేవీ లేవు. వండిన అన్నమంటే ల్యాబువాళ్ళు వండిన అన్నంలాగే పరీక్షిస్తారు. పులిసిందంటే చెడిపోయిందనే రాస్తారు. వాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. నేను అడిగినదానికి వాళ్ళు జవాబిచ్చారు.

ఇంకొకటి మిగిలింది. అనుమానం ఉన్న తిండిని అక్కడికక్కడ పారబోయించాలి. నూకరత్నం కుండకు అడ్డం నిలబడింది.

"కాయితాలు ఎన్ని కావాలంటే అన్ని రాసుకో. కుండ ఒగ్గీ బాబూ. ఇందులోది మా అత్త కుండలోది. రైల్లో సీసాలో ఎట్టుకుని తెచ్చేను. ఇది పోతే మళ్ళీ నాకేది?"

యాదగిరికి సైగ చేశాను. వాడు లక్క సర్దుకుంటున్నట్టు వంగి, మరి లేవలేదు. ఆవిణ్ణి పక్కకు జరగమని చెప్పి, ఆ కుండను రెండు చేతులా పట్టుకుని నేనే కాలవలోకి ఒంపాను. కుండ కింద పెట్టేటప్పుడు పక్కన నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ము నా మోకాలికి తగిలింది. తాగే నీళ్ళ డ్రమ్ము. దాన్ని పక్కకు జరుపుకుని బయటికి వచ్చాను.

మూసిన తర్వాత

'తినడానికి పనికిరాదు' అని రిపోర్టు వచ్చింది. షెడ్డు మీద ఎర్ర అక్షరాల నోటీసు అంటించారు. కార్యదర్శి ఫోను చేసి కృతజ్ఞతలు చెప్పారు. నా కడుపు మంట మళ్ళీ మొదలైంది.

వారం దాటకముందే ఆయనే మళ్ళీ ఫోను చేశారు. "ఇంకా వాంతులవుతున్నాయటండీ. ఆవిడ దొంగచాటుగా అమ్ముతున్నట్టుంది, చూడండి."

వెళ్ళి చూశాను. కుండ షెడ్డు పక్కన బోర్లించి ఉంది. నూకరత్నం మూడో అంతస్తులోకి ఇసక తట్టలు మోస్తోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. అప్పలనాయుడు ఏడని మేస్త్రీని అడిగితే ఆసుపత్రిలో అన్నాడు.

పెద్దాసుపత్రి వరండాలో, గోడవార మంచం మీద పడుకుని ఉన్నాడు. సెలైన్ ఎక్కుతోంది. కళ్ళు లోపలికి పోయాయి. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది.

"ఏటి సారూ ఇలాగొచ్చేరు? తరవాణి ఆపించేసేరు గదా. మేం ఇప్పుడు ఇడ్లీలు తింతన్నాం. మరి నాకెందుకొచ్చింది ఇది?"

ఎకసెక్కంగా అనలేదు. నిజంగానే నన్ను అడిగాడు. నాకు తెలిసి ఉంటుందనుకున్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా సుదర్శనం గారి గదికి వెళ్ళాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు. "అక్కడ తిన్నన్నాళ్ళూ నువ్వు నీళ్ళు ఎక్కడివి తాగావు?"

"నా సీసా నేను పట్టుకెళ్ళేవాణ్ణి సార్."

ఆయన కలం కింద పెట్టారు. "ఈ సంగతి ఆ రోజు శాంపిల్ సీసా మూత తీసేముందు కూడా నీకు తెలుసు" అన్నారు.

తెలుసు. కాని చెప్పాలంటే నేను అక్కడ ఇరవై రోజులు తిన్నానని నోటితో ఒప్పుకోవాలి. ఫోటోలో ఉన్నది ఒక్క రోజే. మిగతావి దాచుకోవచ్చనుకున్నాను. నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని సిగ్గుతో జేబులో పెట్టుకుని, ఆవిడ కుండను ఒంపేశాను.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ వెళ్ళాం. సుదర్శనం గారు కూడా వచ్చారు. ఆయన షెడ్డులోకి అడుగుపెట్టకుండా ముందు నీళ్ళ పైపు పట్టుకుని నడిచారు. పైపు వెళ్ళి కట్టడం అడుగున సంపులో తేలింది. సంపు గోడకు పగులు. అటుపక్క నాలుగడుగుల్లో కూలీల మరుగుదొడ్ల గుంట. షెడ్డులో నీలిరంగు డ్రమ్ము నింపేది ఆ సంపులోంచే. పొద్దున్నే తరవాణి తిని, చివర్లో ఆ డ్రమ్ములో గ్లాసు ముంచుకుని తాగేవారు అందరూ, నేను తప్ప. షెడ్డు మూశాక కూడా కూలీలు తాగింది ఆ సంపు నీళ్ళే. తరవాణిలో పోసేది మరిగిన గంజి. నేను సీలు వేసింది దానికి. మోకాలితో పక్కకు జరిపింది జబ్బుని.

నీళ్ళు మన పరిధి కాదని ఆఫీసులో ఒకరన్నారు. కూలీల వసతి ఇంకెవరిదో పరిధి అని మరొకరన్నారు. మనుషులు సెలైన్లు ఎక్కించుకుంటుంటే పరిధులు మాట్లాడేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, మీరూ కలుస్తారు. "దుకాణంలో గ్లాసుతో ఇచ్చేది తిండి కిందికే వస్తుంది, రాయి" అన్నారు సుదర్శనం గారు. డ్రమ్ములోంచి ఒక సీసా, సంపులోంచి ఒక సీసా. ఫలితం రాకముందే బిల్డరు చేత సంపు మూయించి ట్యాంకరు తెప్పించారు. ఆ తర్వాత కొత్తగా ఎవరికీ వాంతులు కాలేదు. రిపోర్టులో ఏముందో మీరు ఊహించుకోగలరు.

అప్పలనాయుడు బతికాడు. కోలుకున్నాక కె. కోటపాడు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ పనికి రాలేదని మేస్త్రీ చెప్పాడు. ఉత్తరం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. 'మావా' అని పిలిచినవాడికి ఏమని మొదలుపెట్టాలో తెలియక మానేశాను. ఇప్పుడు రిటైరై అనకాపల్లిలో ఉన్నాను, కోటపాడు ఎంతో దూరం లేదు. వెళ్ళలేదు. ఇది కూడా నా తప్పుల్లోదే, ఇంకా నడుస్తోంది.

నాలుగు మాటలు

నీళ్ళ సంగతి తేలినంత మాత్రాన షెడ్డు తెరుచుకోలేదు. ల్యాబు రిపోర్టు అలాగే ఉంది కదా. దాన్ని పక్కన పెట్టాలంటే పదార్థం పేరు తప్పు రాశానని నేను రాసివ్వాలి. "నీ సర్వీసులో మచ్చగా పడుతుంది" అని సుదర్శనం గారు ముందే చెప్పారు. రాసిచ్చాను. దాని మీద వచ్చిన మెమో గురించి చెప్పను, ప్రమోషన్లు, బదిలీల సంగతి రాయనని మొదటే అన్నాను కదా. ఈసారి నూకరత్నం దుకాణం రిజిస్ట్రేషను ఫారం నేనే నింపాను. గడి దాటి అంచు మీదకు పోయినా సరే, తరవాణి అంటే ఏమిటో మొత్తం రాశాను.

మీకు చెప్పగలిగింది ఇంతే. తెలియని తిండి ఎదురైతే తినేవాణ్ణి అడగండి. తెలిసిన తిండి ఎదురైతే ఇంకా ఎక్కువ అడగండి, ఎందుకంటే మీకు అంతా తెలుసని మీరే అనుకుంటారు. మీ పై అధికారి తప్పుకోమంటే తప్పుకోండి. అటెండరు ఏదైనా అంటే వినండి. ఆ రోజు ఆ షెడ్డులో ఉన్నవాళ్ళందరిలోకీ నా ఉద్యోగం చేసింది యాదగిరి ఒక్కడే.

ఆర్డరు పట్టుకుని నేనే వెళ్ళాను. నూకరత్నం అప్పటికే కొత్త కుండ పెట్టింది. రెండుసార్లు పులుపు పట్టక పారబోసిందట. మూడోసారి ఊరినుంచి వాళ్ళ తోటికోడలు ఎవరితోనో సీసాలో పాత తరవాణి పంపింది. అదిప్పుడే కుదురుకుంటోంది. మధ్యాహ్నం భోజనాల వేళ, కూలీలు తెచ్చుకున్న డబ్బాలు విప్పుకుని చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆర్డరు చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటి రాసుంది ఇందులో?"

"దుకాణం తెరుచుకోవచ్చని."

"తిండి బాగుందని రాసుందా?"

"అలా రాయరమ్మా. అభ్యంతరం లేదని రాస్తారు."

"బాగోనేదని రాసి ఈ రేకుకి అంటించేరు. వొచ్చినోడల్లా సదివేడు. నా మొగుడు సదివేడు, నా పిల్లలు సదివేరు. బాగుందని రాయడానికి కాయితం నేదేటి మీకాడ?"

లేదు. నిజంగానే లేదు. అన్నేళ్ళ సర్వీసులో అలాంటి ఫారం ఒక్కటి నేను చూడలేదు. దాని గురించి ఎవరితోనైనా పోట్లాడదామన్నా ఎవరితో పోట్లాడాలో కూడా తెలియదు.

సంచిలోంచి తెల్లకాగితం తీశాను. ఆఫీసు పేరు లేదు, ముద్ర లేదు. ఇసక బస్తా మీద పెట్టుకుని పెద్ద అక్షరాలతో రాశాను. 'నూకరత్నం చేసే తరవాణి మంచిది. నేను ఇరవై రోజులు తిన్నాను. నాకేమీ కాలేదు. జబ్బు చేసింది నీళ్ళ వల్ల, దీనివల్ల కాదు.' కింద నా పేరు, నా ఉద్యోగం రాసి ఆవిడకిచ్చాను.

ఆవిడ మేస్త్రీ చేత పైకి చదివించుకుంది. రెండోసారి కూడా చదవమంది. అందరూ విన్నారు. కాగితం మళ్ళీ నా ముందు పెట్టింది.

"ఇంకొక్క మాట రాయండి. కుండ పారబోసింది కూడా మీరేనని."

నేను పేరుకు పైన ఉన్న చోటులో ఇరికించి రాశాను. 'కుండ పారబోసింది నేనే.'

మేస్త్రీ అది కూడా చదివాడు. నూకరత్నం వేళ్ళతో కాస్త గంజి తీసుకుని కాగితం వెనక పూసింది. రేకు మీది ఎర్ర నోటీసు చింపేసి, ఆ చోటే, మిగిలిన చింపుల మీదుగా అంటించి, అంటుకునేదాకా అరచేత్తో నొక్కి పట్టుకుంది. తర్వాత చేయి కడుక్కుని వచ్చి, గిన్నె తీసి, "కూకోండి" అంది.